చెకుముకి కమిటీ

మా ఊళ్ళో కమిటీ వేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బోరు మోటారు కాలిపోతే కమిటీ, కోతులు వస్తే కమిటీ, కోతులు పోతే ఎవరి వల్ల పోయాయో తేల్చడానికి ఇంకో కమిటీ. అయితే నిప్పు రాల్చే వస్తువు ఒకటి కొనడానికి ఏడు మీటింగులు పెట్టిన కమిటీ మాత్రం ఒక్కటే. దానికి కార్యదర్శిని నేనే. కాబట్టి ఈ కథ చదువుతూ ఎవరినైనా తిట్టుకునేటప్పుడు నన్ను కూడా కలిపి తిట్టుకోవలసిందిగా మనవి.

నా పేరు కేశవ. గుంతకల్లు రైల్వే షెడ్డులో ఫిట్టరుని. మా ఊరు రాళ్ళకొట్టాల, వజ్రకరూరుకు ఆ పక్కన. వారానికొకసారి సెలవు రోజున వచ్చిపోతుంటాను. ఇరవై రెండేళ్ళుగా ఇనుముతో పని చేస్తున్నాను కనుక నిప్పు సంగతి కూడా నాకే తెలుసునని ఊరివాళ్ళు అనుకున్నారు. ఊరివాళ్ళను అనడమెందుకు, నేనూ అనుకున్నాను.

మా ఊరి గుట్ట మీద సుంకులమ్మ గుడి ఉంది. ఏటా శ్రావణంలో దేవర, అంటే అమ్మవారి జాతర చేస్తాం. ఆ రోజు గుట్ట మీద వందల పొయ్యిలు వెలుగుతాయి. అన్నింటికీ నిప్పు మాత్రం ఒకటే. అగ్గిపుల్ల నిప్పు అమ్మవారికి పనికిరాదు, చెకుముకి రాయి నుంచి తీసిన నిప్పే కావాలి. ఆ నిప్పు తీసే హక్కు మా మేనమామ చెన్నప్పది. కురుబల ఇల్లు, తాతల నాటి నుంచి గొర్రెలు కాసే వంశం. దేవర నాడు గుడి ముందు నిలబడి "చెన్నప్పా" అని మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకు మామ లేస్తాడు. గుడి గూట్లో ఉన్న తెల్లరాయి తీసుకుంటాడు. గుట్ట మీద గాలి మనిషిని నిలవనీయదు కనుక కంబళి నిండుగా కప్పుకొని కూర్చుంటాడు. లోపల టక్కు టక్కుమని నాలుగు దెబ్బలు వినిపిస్తాయి. కాసేపటికి పొగ వచ్చే పీచు పట్టుకొని బయటికి వస్తాడు. అప్పుడు ఉరుములనే వాద్యాలు మోగుతాయి. కంబళి లోపల ఏం జరుగుతుందో ఎవరూ చూడరు, చూడకూడదు కూడా.

దానికి ప్రతిఫలం బలి పొట్టేలు తలకాయ, ఒక కొత్త తువ్వాలు. అంతే. అయితే సంవత్సరమంతా మామను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో లేరు. "ఓ గొర్రెలాయప్పా, నీ గొర్రెలు మా చెనక్కాయ చేన్లో పడినాయి సూడు" అనడమే తప్ప. ఆ ఒక్కరోజు మాత్రం ఆయన పేరు మైకులో గుట్టంతా వినిపిస్తుంది. ఆ మూడు పిలుపుల కోసం మామ రెండు రోజుల ముందే కంబళి ఉతికి రాళ్ళ మీద ఆరేసుకుంటాడు. ఒకటే కట్టుబాటు. పిలిస్తేనే లేవాలి. పిలవకుండా లేచి నిప్పు తీయకూడదు.

ఈ ఏడు జూన్‌లో తొలకరి పడింది. తొలకరి పడితే మా పక్క విత్తనం వేసేవాళ్ళకన్నా వజ్రాలు వెతికేవాళ్ళే ముందు వస్తారు. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలతో దిగి, చేలల్లో తలలు వంచుకొని తిరుగుతారు. మెరిసేది ఏది కనిపించినా నోట్లో వేసుకొని నాకి చూస్తారు. వాళ్ళలో ఎవడో పుణ్యాత్ముడు వానకు గుడిలో తలదాచుకున్నాడు. పోతూ పోతూ గూట్లో ఉన్న తెల్లరాయిని కూడా తీసుకుపోయాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. రాయి ఉన్నన్నాళ్ళు దాని మీద కాకి రెట్ట వేసినా తుడిచినవాడు లేడు. పోయిన మరునాటికి అది నీళ్ళలాగా మెరిసేదన్నారు. మూడోనాటికి అమావాస్య నాడు దానంతటదే వెలిగేదన్నారు. వారం తిరిగేసరికి అది వజ్రమేనని తేలిపోయింది. ఊరికి ఇంత కరువు ఎందుకు వచ్చిందో కూడా అప్పుడే తేలిపోయింది. వజ్రాన్ని పెట్టుకొని గుర్తించలేకపోయినందుకట.

సరే, దేవరకు నిప్పెట్లా? కమిటీ పడింది. అధ్యక్షుడు బాలప్ప. ఆయనకు బోర్లు వేసే లారీ ఉంది. మండలంలో సగం నేలకు చిల్లులు పొడిచినవాడు. నీళ్ళు పడితే తన చేతి మహిమ, పడకపోతే భూమిగలవాడి కర్మ. ఆయనకు ఇంకో గుణం కూడా ఉంది. కాగితం మీద ఏం రాసి ఉందో చదవడు. "చదివేది మీ పని, సంతకం నా పని" అంటాడు. సంతకం మాత్రం అరపేజీ ఉంటుంది.

మొదటి మీటింగు బాలప్ప ఇంటి వసారాలో జరిగింది. చెన్నప్ప మామ కూడా వచ్చి, మెట్టు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

బాలప్ప గొంతు సవరించుకున్నాడు. "సూడండప్పా, రాయి ఉన్నన్ని దినాలు చెన్నప్ప హక్కు. రాయే ల్యాకపోతే ఇంగ హక్కు యాడిది? దేవరకు కొత్త సామాను ఎవురు ఇప్పిస్తారో వాళ్ళే నిప్పు తీస్తారు. నేను ఇప్పిస్తాండా. రాసుకో కేశవా."

నేను రాసుకున్నాను.

మామ మెట్టు మీద నుంచే అన్నాడు. "నాదొక మాట. రాయి గురించే..."

"కాసేపుండు మామా" అన్నాను నేను. "ఇది టెక్నికల్ విషయం."

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ముడుచుకుపోతోంది. మామ కాసేపు ఉన్నాడు. తర్వాత కర్ర తీసుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ మీటింగుకూ రాలేదు. ఎవరూ పిలవలేదు కూడా.

రెండో మీటింగులో పరీక్షలు మొదలయ్యాయి. ముందు వంటింట్లో గ్యాసు పొయ్యి వెలిగించే లైటరు తెచ్చారు. టిక్కు టిక్కుమని నొక్కితే నీలంగా చిన్న మెరుపు వస్తుంది. పత్తి వత్తి దగ్గర పెట్టి అరగంట నొక్కారు. వత్తి వేడెక్కలేదుగానీ నొక్కినవాడి బొటనవేలు వాచింది. తర్వాత సిగరెట్టు లైటరు పెట్టారు. గుడి పూజారి బయ్యన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని కడుపులో గ్యాసు ఉండాది. అమ్మవారికి గ్యాసు నిప్పా? ఒప్పుకోదు."

"నీకు చెప్పినాదా బయ్యన్నా?" అన్నారెవరో.

"చెప్పేదాకా ఉంటే మనముంటామా?" అన్నాడు బయ్యన్న.

అప్పుడు బాలప్ప తన లారీ బ్యాటరీకి రెండు తీగలు తగిలించి రాజేయవచ్చని చూపించాడు. నిప్పురవ్వలు చాలానే వచ్చాయి. బయ్యన్న ఎడమ కనుబొమ్మ పోయింది. బ్యాటరీని గుట్ట మీదికి మోసేవాళ్ళు ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

ఇంక భారమంతా నా మీద పడింది. నేను సెల్లులో వెతికాను. అడవుల్లో ఒంటరిగా బతికేవాళ్ళు, గుడారాలు వేసుకునేవాళ్ళు వాడే నిప్పుకడ్డీ ఒకటి ఉందని తెలిసింది. నల్లటి లోహపు కడ్డీ. దాన్ని ఇనుపరేకుతో గీకితే నిప్పురవ్వలు కుప్పగా రాలుతాయి. వీడియోల్లో గడ్డం పెంచుకున్న ఒక దొర దాన్ని గీకి, బెరడు అంటించి, టీ కాచుకుంటున్నాడు. ఆయన చుట్టూ మోకాలిలోతు మంచు. మా పక్క మోకాలిలోతు ఉండేది దుమ్మొక్కటే. అయినా మనిషి నమ్మకంగా కనిపించాడు.

మూడు వారాలు అదే పని. షెడ్డులో భోజనానికి వదిలితే చాలు కడ్డీలు చూసేవాణ్ణి. సన్నకడ్డీ తొందరగా విరుగుతుంది. లావుకడ్డీ ఎక్కువకాలం వస్తుంది. పొట్టిదైతే గీకేటప్పుడు వేళ్ళు కాలుతాయి. గీకే రేకుకు అంచు పదునుగా ఉండాలి. ఇవన్నీ మీటింగు పుస్తకంలో పాయింట్లుగా రాశాను. కొన్నవాళ్ళ అభిప్రాయాలు కూడా చదివాను. ఒకడు "చాలా బాగుంది, ఇంకా వాడలేదు" అని అయిదు చుక్కలు ఇచ్చాడు. ఒకడు "డబ్బా బాగుంది" అని నాలుగిచ్చాడు. ఇంకొకడు ఇల్లు కాలిపోయిందని రాసి, వస్తువు మంచిదేనని అయిదూ ఇచ్చాడు. అది చూశాకే నాకు పూర్తి ధైర్యం కలిగింది.

ఆ వారమే మారెక్క అత్త, అంటే చెన్నప్ప మామ భార్య, నన్ను వీధిలో నిలబెట్టి అడిగింది.

"ఏం కేశవా, ఆ సామాను దొరికినాదా?"

"దొరికింది అత్తా. మంచిది."

"మంచిదే. మీ మామ ఈ ఏడు కంబళి ఉతకనంటాండాడు" అంది.

"కమిటీ నిర్ణయం అత్తా, నేనొక్కణ్ణి ఏం చేసేది?" అన్నాను.

"కమిటీ అంటే ఎవురప్పా? నువ్వు కాదా?" అంది. జవాబు కోసం ఆగలేదు.

కడ్డీ వచ్చింది. అరచేయంత పొడవు, బొటనవేలి లావు. కట్టెపిడి. పిడికి ఒక పక్క దిక్కులు చూపే ముల్లు, ఇంకో పక్క విజిలు, అడుగున సీసా మూత తీసే కొక్కెం. అమ్మవారి ముందు సీసా కొక్కెం ఏమిటని బయ్యన్న గొణిగాడు. "ఉండనీలే, దేవర అయినాక పనికొస్తాది" అన్నాడు బాలప్ప.

అయిదో మీటింగులో గీకి చూశాం. ఒక్క రవ్వ రాలలేదు. బాలప్ప ముఖం ముడుచుకుంది. "బొగ్గుముక్క పంపినారు గదప్పా" అన్నాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. కొత్త కడ్డీకి పైన నల్లపూత ఉంటుంది, ముందు దాన్ని గీకి తీసేయాలి. గీకాను. ఈసారి రేకు ఆనించి లాగితే తెల్లటి రవ్వలు జలజల రాలి పత్తి భగ్గుమంది. వసారా అంతా చప్పట్లు. బాలప్ప నా వీపు తట్టాడు. ఆ దెబ్బ తీపి నాకు వారం రోజులు పోలేదు. ఇక్కడ ఆపి ఉంటే కథ వేరుగా ఉండేది. మనకు ఆపడం చేతనైతే కమిటీలు ఎందుకు?

ఆరో మీటింగులో బయ్యన్న లేచాడు. "కొత్త సామాను. అట్లే తీసకపోయి అమ్మవారి ముందర పెడితే యట్లప్పా? విగ్రహాన్ని ప్రతిష్ఠ చేసే ముందు నీళ్ళలో పెట్టమా? దీనిగ్గూడా జలాధివాసం చేయల్ల."

"తడిస్తే చెడిపోదా?" అన్నారు ఒకరిద్దరు.

అందరూ నావైపు తిరిగారు. డబ్బా మీద ఉన్నది చదివి వినిపించాను. వానలో తడిసినా, నీళ్ళలో ముంచి తీసినా నిప్పు రాలుతుందని రాసి ఉంది.

"అయితే ఇంగేమి? తొమ్మిది దినాలు ముంచుదాం" అన్నాడు బాలప్ప.

ముంచి తీయడానికీ ముంచి ఉంచడానికీ ఎంత తేడా ఉందో తుప్పుతో బతుకంతా పోట్లాడినవాణ్ణి నాకు తెలియదా? తెలుసు. నోరు తెరవాల్సింది. అయితే వీపు మీది దెబ్బ తీపి ఇంకా ఆరలేదు. "చేయొచ్చు" అన్నాను. పుస్తకంలో రాశాను. బాలప్ప చదవకుండా అరపేజీ సంతకం పెట్టాడు.

ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోశారు. అవి బాలప్ప సొంత బోరు నీళ్ళు. పప్పు ఉడకనంత ఉప్పు నీళ్ళు. అందులో పసుపు, పాలు, తేనె, నాలుగు నిమ్మకాయల రసం. కడ్డీని అందులో దించి, పైన కొత్తగుడ్డ కట్టారు. ఏడో మీటింగులో ఆ గుడ్డ రంగు ఏది ఉండాలో నిర్ణయించాం.

దేవర రోజు వచ్చింది. తెల్లవారినప్పటి నుంచే జనం గుట్ట ఎక్కారు. ఆడవాళ్ళు మూడేసి రాళ్ళు పెట్టి, కుండల్లో బియ్యం నానబోసుకొని పొయ్యిల ముందు కూర్చున్నారు. గాలి ఎప్పటిలాగే ఉంది. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. గుట్ట కింద తుమ్మచెట్ల మధ్య మామ గొర్రెల మంద కనిపిస్తోంది. దేవర నాడు మామ గొర్రెలు తోలుకుపోవడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

గంగాళాన్ని గుడి ముందుకు తెచ్చి బయ్యన్న గుడ్డ విప్పాడు. లోపల చెయ్యి పెట్టి కడ్డీని పైకి తీశాడు. నల్లగా ఉండాల్సిన కడ్డీ బూడిదరంగుకు తిరిగి, ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఉంది. ముట్టుకుంటే తెల్లటి పొడి రాలింది. అది తుప్పేనని నాకు తెలిసిపోయింది. బయ్యన్న మాత్రం రెండు చేతులూ పైకెత్తాడు.

"విభూతి! అమ్మ విభూతి రాలుస్తాంది సూడండ్రోయ్!"

జనం ఎగబడ్డారు. వరుస కట్టారు. ఒక్కొక్కరి నుదుటా బయ్యన్న ఆ పొడి పూస్తూ పోయాడు. నాకూ పూశాడు. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో తుప్పును నుదుట పెట్టుకోవడం అదే మొదలు. అందరూ పూసుకునేసరికి కడ్డీ సగానికి తగ్గింది.

బాలప్ప నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. అందులో ఆయన పేరు రాసి ఉంది. మైకు పట్టుకొని మూడుసార్లు పిలిచాను. "బాలప్పా! బాలప్పా! బాలప్పా!" ఆ మైకు గుట్ట కిందికి కూడా వినిపిస్తుంది. పొయ్యి ముందు కూర్చున్న మారెక్క అత్త నావైపు ఒకసారి చూసి, ముఖం అటు తిప్పుకుంది.

బాలప్ప కొత్త పంచె సవరించుకొని కూర్చున్నాడు. కడ్డీని పత్తి మీద ఆనించి, రేకుతో బలంగా లాగాడు. కడ్డీ తడిసిన బిస్కెట్టులా విరిగి ముక్కలైంది. రవ్వ లేదు, పొగ లేదు. చేతిలో పిడి మిగిలింది. కంగారులో లారీ డ్రైవరును పిలవడానికి ఆయన పిడికున్న విజిలు ఊదాడు. అదొక్కటే పని చేసింది.

తర్వాత అరగంట జరిగింది చెప్పుకోకపోవడమే మంచిది. గ్యాసు లైటరు తెచ్చారు. గాలికి దాని మెరుపు కనిపించను కూడా లేదు. ఎవరో జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. "అగ్గిపుల్లతో ముట్టిచ్చి, ఈ ఏడుగూడా వాన రాకపోతే ఎవురు జవాబు చెప్తారు?" అని అడిగారు. అగ్గిపెట్టె జేబులోకి వెళ్ళిపోయింది. పొద్దు నడినెత్తికి వస్తోంది. నానిన బియ్యం పులిసిపోతున్నాయి. కమిటీ సభ్యులు ఒక్కొక్కరే గుడి వెనక్కి జరుగుతున్నారు.

ఉరుము మెడకు తగిలించుకొని పొద్దుటి నుంచి నిలబడి ఉన్న ఓబిలేష్ నా దగ్గరికి వచ్చాడు. ఉరుములు వాయించే జట్టుకు అతనే పెద్ద.

"అన్నా, ఎండకు ఉరుము తోలు బిగుసుకొని చీలిపోతాది. పిలిచేదుంటే పిలువు."

"ఎవర్ని పిలిచేది ఓబిలేషూ?"

"అది గూడా నేనే చెప్పల్నా?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అంతకు ముందు లేదని కాదు, అప్పుడు మాత్రం దాచుకోలేనంత సిగ్గేసింది. మైకు తీసుకున్నాను. బాలప్ప "ఏయ్, తీర్మానం..." అంటున్నాడు. వినలేదు.

"చెన్నప్పా!"

గుట్ట కింద మంద కదలలేదు.

"చెన్నప్పా!"

మారెక్క అత్త పొయ్యి దగ్గర లేచి నిలబడింది.

"మామా! చెన్నప్ప మామా!"

మూడో పిలుపు అట్లా ఉండకూడదు. కట్టుబాటు ప్రకారం ఉత్త పేరే పిలవాలి. నోరు నా మాట వినలేదు. చాలాసేపటి తర్వాత తుమ్మచెట్ల మధ్య ఒక కర్ర పైకి లేచింది. మామ నిదానంగా గుట్ట ఎక్కి వచ్చాడు. భుజాన ఉతకని కంబళి, దాని నిండా పల్లేరుకాయలు.

గుడి ముందుకు వచ్చి, గూటివైపు చూడను కూడా చూడలేదు. నేలమీద అటూ ఇటూ చూసి, వంగి ఒక తెల్లరాయి తీసుకున్నాడు. దాన్ని బండకేసి కొట్టాడు. ఒక పెళ్ళ ఊడి అంచు పదునుగా తేలింది. చాలనుకున్నాడు. కంబళి కప్పుకొని కూర్చుంటూ నన్ను పిలిచాడు.

"గాలి ఎక్కువుండాది. నా చేతులు పోయినేడులాగా ల్యావు. లోపలికొచ్చి ఈ కొస పట్టుకో అల్లుడా."

కంబళి లోపలికి నేను దూరాను. గొర్రెల వాసన, బీడీ వాసన. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి.

"మామా, ఆ రాయి... ఏ రాయైనా పనికొస్తుందా?"

"మన సీమలో వానకు కరువుగానీ రాళ్ళకు కరువా? గూట్లో ఉన్నింది గూడా పోయినేడు గొర్రెలు కాస్తా కాస్తా ఏరిందే. ఏడాదికొకటి మారుస్తా. అంచు అరిగిపోతాది గదా. పనంతా దీంది" అని మొలలోని తోలుసంచి విప్పాడు.

ఒక నశ్యం డబ్బీ తీశాడు. దాన్నిండా కాల్చి నల్లగా చేసిన పత్తి. తర్వాత బెత్తెడు ఇనుపముక్క తీసి చేతిలో పట్టుకున్నాడు. అరిగిపోయిన ఆకురాయి ముక్క. ఇనుము అరగదీసే ఆకురాయి నాకు చూడగానే తెలుస్తుంది. దాని తోక మీద ఒక అక్షరం కొట్టి ఉంది, ఇంగ్లీషు కె. షెడ్డులో పనిలో చేరిన కొత్తలో మా పనిముట్లు మారిపోకుండా పేరులోని మొదటి అక్షరం కొట్టుకునేవాళ్ళం. అది నేను కొట్టిందే.

"ఇది నీకెట్లా వచ్చింది మామా?"

"నువ్విచ్చిందే గదా. పనిలో చేరిన కొత్తల్లో తెచ్చిస్తివి. పనికిరాదని తీసేసినారు మామా, ఉన్ని కత్తెర నూరుకో అంటివి. అంతకు ముందు మా నాయన ఇచ్చిన కొడవలి ముక్క ఉన్నింది. అది అరిగిపాయ. ఇది ఇరవై ఏండ్లాయ, ఇంగా గట్టిగానే ఉండాది. మంచి ఇనుము."

ఇరవై ఏళ్ళుగా సుంకులమ్మ నిప్పు నేను పారేయబోయిన ముక్కలోంచి వస్తోంది. నేను సెల్లులో దొర గడ్డం చూస్తూ మూడు వారాలు కూర్చున్నాను.

"మొదటి దినమే చెప్పింటే అయిపోయేది కదా మామా" అన్నాను. తప్పు ఆయన మీదికి నెట్టే బుద్ధి ఇంకా పోలేదు.

"చెప్పబోతి. నువ్వే టెక్నికల్ అంటివి" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నల్లపత్తిని రాయి అంచుకు ఆనించి పట్టుకొని, ఆకురాయి ముక్కతో కిందికి కొట్టాడు. టక్. రవ్వ రాలలేదు. టక్. రవ్వ పక్కన పడింది. మూడోసారి పడిన రవ్వ పత్తి మీద ఎర్రటి చుక్కగా నిలిచింది. దాన్ని కొబ్బరిపీచులో పెట్టి మెల్లగా ఊదాడు. "నువ్వు గూడా ఊదు" అన్నాడు. నేనూ ఊదాను. పొగ కళ్ళలోకి వచ్చింది. నీళ్ళు కారితే పొగ వల్లేనని చెప్పుకునే సౌకర్యం ఉన్నందుకు సంతోషించాను.

కంబళి తీసి మామ లేచేసరికి పీచు అంటుకుంది. ఓబిలేష్ ఉరుము మోగించాడు. ఆ మోతకు గుడి వెనక దాక్కున్న కమిటీ అంతా బయటికి వచ్చింది. ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి నిప్పు పాకింది. చూస్తుండగానే గుట్టంతా పొగ కమ్మింది.

బాలప్ప నేరుగా మామ దగ్గరికి నడిచాడు. "ఆ రాయి ఇట్లియ్యి చెన్నప్పా. అది ఇంగ అమ్మవారి ఆస్తి. కమిటీ కాపాడతాది."

మామ రాయి ఇచ్చేశాడు. ఆకురాయి ముక్క ఏదని ఎవరూ అడగలేదు. దాన్ని మామ సంచిలో వేసుకున్నాడు. బయ్యన్న రాయిని పళ్ళెంలో పెట్టి పసుపు పూశాడు. జనం దండాలు పెట్టారు. ఈ రాయి అంతకుముందు రాయికన్నా ఎక్కువ మెరుస్తోందని ఒకావిడ అంది. కమిటీ చూపంతా రాయి మీదే ఉంది కనుక పొట్టేలు తలకాయ, తువ్వాలు అడ్డు లేకుండా మారెక్క అత్త గంపలోకి చేరాయి.

ఎనిమిదో మీటింగు గుట్ట మీదే, గుడి వెనక నీడలో జరిగింది. రాయికి ఇనుపకటకటాలు, తాళం, దాత పేరుతో నల్లరాతి పలక. ముందుగా తొమ్మిది రోజులు జలాధివాసం. ఇది రాయే కనుక ఏమీ కాదని బయ్యన్న భరోసా ఇచ్చాడు. "అంతా పద్ధతిగా రాయి కేశవా" అన్నాడు బాలప్ప.

పద్ధతిగానే రాశాను. ఈ ఏడు దేవర నిప్పు తీసినవాడు కురుబ చెన్నప్ప అని రాశాను. ఆ నిప్పు ఆయన దగ్గరున్న ఇనుపముక్క నుంచి, ఆయన కాల్చిన పత్తి నుంచి, ఆయన చేతి నుంచి వచ్చిందని రాశాను. రాయి ఏదైనా ఒకటేనని రాశాను. ఇకమీదట కూడా నిప్పు తీసే హక్కు ఆయనదేననీ, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకొని అడగకుండా నిప్పు విషయంలో ఏ తీర్మానమూ చెల్లదనీ రాశాను. మొదటి మీటింగు తీర్మానం రద్దు చేశాను. పుస్తకం బాలప్ప ముందు పెట్టాను. ఆయన పొంగలి తింటూ, ఎడమచేత్తో పేజీ సరిచేసుకొని, అలవాటు ప్రకారం చదవకుండా అరపేజీ సంతకం పెట్టాడు. తక్కినవాళ్ళు అధ్యక్షుడు పెట్టాడు కదా అని పెట్టారు.

పొద్దు వాలేవేళకు పుస్తకం తీసుకొని మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన కొత్త తువ్వాలు తలకు చుట్టుకొని, గొర్రెలను లెక్కపెట్టుకుంటూ గుట్ట దిగువన ఉన్నాడు. పక్కన కూర్చొని పేజీ అంతా చదివి వినిపించాను. మామకు చదువు రాదు. చివరిదాకా విన్నాడు.

"అందులో నా పేరు యాడుండాది? సూపీ."

చూపించాను. మామ వేలు తెచ్చి అక్షరాల మీద పెట్టాడు.

"ఇదేనా?"

"అదే మామా."

"మొత్తం ఇంతేనా నా పేరు?" అని నవ్వాడు. వేలు మాత్రం తీయలేదు. తీసేసరికి కాల్చిన పత్తి మసి పేరు పక్కన నల్లగా అంటుకుంది. తుడవబోయాడు. "ఉండనీ మామా" అన్నాను.